గ్యారేజీలో ఒక కొండ: 1963 బాథర్స్ట్ రేసు ట్రాక్ కట్టిన డైరీ

జూన్ 14, శనివారం

మా కారు గ్యారేజీ ఖాళీ చేసి వీధిలోకి వెళ్లి ఇవాళ్టికి వారం. దాని చోట్లో ఇప్పుడు 3.6 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల ఉంది. ఒక నిండు షీటు, ఇంకో సగం షీటు కలిపి బిగించాను. సిడ్నీ చలికి కారు అద్దాల మీద పొద్దున్నే మంచు గీక్కోవాల్సి వస్తోందని మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు అంది. మూడోసారి అనేలోపు పని కొంతైనా కనబడాలని ఈ డైరీ మొదలుపెట్టాను.

కట్టేది స్లాట్ కార్ల ట్రాక్. తెలియనివాళ్ల కోసం: ప్లాస్టిక్ రోడ్డు మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, గాడికి రెండు పక్కలా లోహపు పట్టీలు, వాటిలో కరెంటు. కారు ముందు భాగం కింద చిన్న రెక్క ఒకటి గాడిలో దిగి ఉంటుంది. చేతిలో ట్రిగ్గర్ నొక్కితే పరుగు, వదిలితే బ్రేకు. స్టీరింగ్ లేదు. ఎవరో అటక ఖాళీ చేస్తూ 1:32 సైజు (అసలు కారులో 32వ వంతు) ట్రాక్ ముక్కలు రెండు అట్టపెట్టెల నిండా అమ్మేస్తుంటే తెచ్చాను. సగం పట్టీలకు తుప్పు.

పెట్టెలో వచ్చే ఎనిమిది అంకె ఆకారం నాకొద్దు. మాకు పడమరగా 200 కిలోమీటర్ల దూరంలో బాథర్స్ట్ అనే ఊరు ఉంది. ఆ ఊరి కొండ మౌంట్ పనోరమ. దాని మీద రోడ్డే రేసు ట్రాక్. 1963 అక్టోబరు 6న అక్కడ జరిగిన ఆర్మ్‌స్ట్రాంగ్ 500 రేసు ఎలా ఉండేదో అలా కట్టాలని.

ఇప్పటి రేసే కట్టొచ్చుగా అంది మా అమ్మాయి. ఇప్పుడక్కడ తిరిగేవి రేసు కోసమే పుట్టిన బండ్లు. 1963లో తిరిగినవి షోరూమ్ కార్లు. మనూళ్లో షోరూమ్ నుంచి కారు తెచ్చి నేరుగా శ్రీశైలం ఘాట్ ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి, అలా 130 సార్లు తిప్పితే ఏమవుతుంది? ఏది పగులుతుంది, ఏది కాలుతుంది, ఏది ఇల్లు చేరుతుంది? ఆ రేసు చూసింది అదే. డబ్బు పెట్టింది ఆర్మ్‌స్ట్రాంగ్ అనే షాక్ అబ్జార్బర్ల కంపెనీ. గతుకుల్లో తిప్పి చూపించడానికి వాళ్లకంటే ఎక్కువ ఆసక్తి ఎవరికుంటుంది!

నిజానికి రేసు పుట్టింది బాథర్స్ట్‌లో కాదు. 1960 నవంబరు 20న విక్టోరియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో మొదలైంది. మూడు మైళ్ల చుట్టు, 167 చుట్లు. జాన్ రాక్స్‌బర్గ్, ఫ్రాంక్ కోడ్ కలిసి నడిపిన వాక్స్‌హాల్ క్రెస్టా అందరికంటే ముందు చేరింది. మూడేళ్లు అక్కడే నడిచింది. 1962 రేసుకు ఆ రోడ్డు ఎంతగా ఛిద్రమైందంటే, మరుసటి ఏడాది రేసునే ఎత్తి బాథర్స్ట్‌లో పెట్టాల్సి వచ్చింది. కార్ల ఓర్పు చూద్దామని పెడితే ముందు రోడ్డు ఓడిపోయింది.

ఇక లెక్క. అప్పటి చుట్టు 6.172 కిలోమీటర్లు. కార్లు 1:32 కాబట్టి ట్రాక్ కూడా అదే కొలతలో కట్టాలంటే 193 మీటర్లు కావాలి, అంటే మా వీధంతా. నా బల్ల మీద పట్టేది పది మీటర్ల చుట్టు. అంటే దూరాన్ని దాదాపు 617 వంతులు కుదించాలి. కొండ అడుగుకీ నెత్తికీ తేడా 174 మీటర్లు. దాన్నీ అదే లెక్కన కుదిస్తే 28 సెంటీమీటర్లు. మూర కంటే తక్కువ. ఇంతేనా అనిపించింది.

జూన్ 28, శనివారం

ఎత్తులు తర్వాత చూద్దామని ముందు బల్ల మీద చదునుగా పరిచి, రెండు లేన్లకీ కరెంటు ఇచ్చాను. మ్యాపులో ఉన్న ఆకారం మాత్రం బానే వచ్చింది. కింద పిట్స్ (రేసు మధ్యలో పెట్రోలుకు బండ్లు ఆగే చోటు) ముందు నుంచి బయల్దేరి ఎడమకు హెల్ కార్నర్, అక్కడినుంచి మౌంటెన్ స్ట్రెయిట్, గ్రిఫిన్స్ బెండ్, ద కటింగ్, పైన రీడ్ పార్కు, మెక్‌ఫిలమీ పార్కు, స్కైలైన్. అక్కడినుంచి దిగుడు: ఎస్సెస్, డిప్పర్, ఫారెస్ట్స్ ఎల్బో. ఆ మోచేతి మలుపు దాటాక కాన్‌రాడ్ స్ట్రెయిట్, చివర మర్రేస్ కార్నర్. అన్నీ అపసవ్యంగా, అంటే గడియారం ముళ్లకు ఎదురు తిరుగుడు. ఇప్పటి మ్యాపుల్లో కాన్‌రాడ్ చివర్లో ద చేజ్ అనే వంపులు ఉంటాయి. అవి 1987లో వచ్చినవి కాబట్టి తీసేశాను. 1963లో అది తిన్నగా కిందికి వచ్చే రోడ్డే.

నడిపితే పది నిమిషాల్లో విసుగొచ్చింది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే చాలు, కారు గాడి వదలదు. ఫారెస్ట్స్ ఎల్బో దగ్గర కూడా వదలదు. తిరగేసి చూస్తే కారు కింద రూపాయి బిళ్లంత అయస్కాంతం. లోహపు పట్టీలకు అతుక్కుని ఉండటానికి కంపెనీవాళ్లు పెట్టేది, పిల్లలకు ఆట సులువవ్వాలని. అంటే నా కొండ మీద కార్లు బరువుతోనో టైరు పట్టుతోనో కాక అయస్కాంతంతో తిరుగుతున్నాయన్నమాట. రెండు కార్లవీ పీకేశాను. పీకగానే మొదటి చుట్టులోనే రెండూ కింద పడ్డాయి. అమ్మాయికి అప్పుడు ఆసక్తి పుట్టింది.

మొన్న గురువారం నాన్న వచ్చాడు, మూడున్నర నెలలకు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లు బ్రేకు పని చేసిన మనిషి. షూలకు లైనింగ్ వేయడం, డ్రమ్ములు లేతు మీద కోయించడం, లారీలు, బస్సులు, అంబాసిడర్లు. ఇక్కడ పార్కులో నడక తప్ప వేరే పని లేక మూడో రోజుకే గ్యారేజీలోకి వచ్చాడు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది కొండెలా అయిందిరా, చాప పరిచినట్టుంది" అన్నాడు.

జులై 12, శనివారం

ముగ్గురం బాథర్స్ట్ వెళ్లొచ్చాం. మా ఆవిడకు డ్యూటీ. పెరుగన్నం, ఆవకాయ, ఫ్లాస్కులో టీ.

దారిలో ఒక టైర్ల షాపు బోర్డు మీద బాబ్ జేన్ పేరు కనబడితే నాన్నకు చూపించాను. 1963లో గెలిచిన ఇద్దరిలో ఒకాయన ఈయనే. 1961 నుంచి 1964 దాకా వరసగా నాలుగేళ్లు గెలిచాడు. మొదటి మూడేళ్లు హ్యారీ ఫర్త్‌తో కలిసి, నాలుగో ఏడు జార్జ్ రేనాల్డ్స్‌తో. తర్వాత టైర్ల దుకాణాలు పెట్టి దేశమంతా నింపాడు. ఫర్త్ ఎవరని అడిగాడు నాన్న. మెకానిక్ అన్నాను. నక్క అని పిలిచేవాళ్లట. "మెకానిక్ అంటే బండి చప్పుడు వింటాడు. నడిపేవాడు గెలిచానంటాడు గానీ ఇల్లు చేర్చేది చప్పుడు విన్నవాడే" అన్నాడు. స్వకులాభిమానం.

మౌంట్ పనోరమ రేసు లేని రోజుల్లో మామూలు ఊరి రోడ్డు. ఎవరైనా వెళ్లొచ్చు, రెండు వైపులా బండ్లు తిరుగుతాయి, గంటకు 60 కిలోమీటర్లు దాటకూడదు. దారి పక్కన ఇళ్లున్నాయి, ద్రాక్షతోట ఉంది. ఒకావిడ చెత్తడబ్బా ఈడ్చుకుంటూ కాన్‌రాడ్ స్ట్రెయిట్ దాటింది. 1930ల్లో పనుల్లేని రోజుల్లో కూలీలకు పని చూపించడానికి, కొండ మీదికి అందమైన రోడ్డు అని చెప్పి దీన్ని వేయించారు. 1938లో తెరిచారు. అప్పటి మేయర్ మార్టిన్ గ్రిఫిన్ పేరే గ్రిఫిన్స్ బెండ్‌కు ఉంది.

హెల్ కార్నర్ తిరిగి మౌంటెన్ స్ట్రెయిట్ ఎక్కుతుంటే వెనక సీట్లోంచి ఇద్దరూ సద్దుమణిగారు. ఫొటోల్లో, వీడియోల్లో ఈ ఎత్తు తెలియదు. ద కటింగ్ దగ్గర మా నాలుగు సిలిండర్ల కారు తనంతట తానే గేరు తగ్గించుకుని గుర్రుమంది. ఈ రోడ్డులో అన్నిటికంటే నిట్ట వాలు 6.13 మీటర్లకు ఒక మీటరు. స్కైలైన్ దగ్గరకొచ్చేసరికి ముందు రోడ్డే కనబడదు, ఆకాశం కనబడుతుంది. పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. అక్కడినుంచి కిందికి ముక్కు పెట్టామంటే మెలికలు, మెలికల మధ్య డిప్పర్ అనే గుంట లాంటి పల్లం, అన్నీ దిగుతూ దిగుతూనే తిరగాలి.

"ఆపు" అన్నాడు నాన్న. ఆపే చోటు వెతుక్కుని పక్కన పెట్టాను. దిగి, కిందికి చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

"ఎన్ని సార్లు దిగారన్నావ్?"

"నూట ముప్పై."

"డ్రమ్ము బ్రేకులతోనా?"

"కొన్నిటికి ముందు చక్రాలకు డిస్కులున్నాయి. చాలావాటికి నాలుగూ డ్రమ్ములే."

నాన్న నవ్వాడు. "అయితే రేసు ఎక్కడం కాదురా. దిగడం."

కాన్‌రాడ్ స్ట్రెయిట్‌కు ఆ పేరెలా వచ్చిందో చెబితే మరీ సంబరపడ్డాడు. 1939లో ఫ్రాంక్ క్లైనిగ్ అనే ఆయన కారు ఇంజన్లో కనెక్టింగ్ రాడ్, పొట్టిగా కాన్‌రాడ్, ఇక్కడ పోయింది. రోడ్డుకు గెలిచినవాడి పేరు కాకుండా విరిగిన రాడ్డు పేరు పెట్టారు. ఆటోనగర్‌లో ఈ పద్ధతి మొదలుపెడితే వీధులు చాలవన్నాడు నాన్న.

మర్రేస్ కార్నర్ పక్కన రేసుల మ్యూజియం ఉంది. అమ్మాయి బండ్లు చూసింది, నాన్న చక్రాల మధ్యలోంచి వంగి వంగి బ్రేకులు చూశాడు. నేను నోట్‌బుక్‌లో వాలు బొమ్మలు గీసుకున్నాను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి.

జులై 26, శనివారం

చదును ట్రాక్ పీకేశాను. ఇవాళ్టి పని కొండ.

పద్ధతి ఇది. ట్రాక్ అంచు వెంట రెండు వేళ్లు వదిలి పెన్సిల్‌తో గీత గీశాను. జిగ్‌సాతో ఆ గీత వెంట ప్లైవుడ్ కోశాను, పిట్స్ దగ్గర మాత్రం కోయకుండా వదిలాను. అలా కోస్తే రోడ్డు అడుగు చెక్క రిబ్బనులా విడివడుతుంది, కావలసిన చోట కింద చెక్క కాలు పెట్టి లేపొచ్చు. ప్రతి 30 సెంటీమీటర్లకూ ఒక కాలు. ఎత్తుల మ్యాపులోంచి లెక్క తీసి కాళ్లు కోశాను: గ్రిఫిన్స్ బెండ్, కటింగ్, రీడ్ పార్కు, ఒక్కోటీ పెరుగుతూ పోయి మెక్‌ఫిలమీ దగ్గర 28.

మొదటి పొరపాటు: 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకున్నాను. కటింగ్ దగ్గర వంగనంది. బలవంతపెడితే పెళుక్కున చీలింది. ఆ భాగం వరకు 6 మిల్లీమీటర్లది రెండు పొరలు జిగురుతో అంటించి, క్లాంపులు బిగించి, రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకు ఒంపు అలాగే నిలిచింది.

రెండో పొరపాటు: స్కైలైన్ దగ్గర ఎక్కుడు ఆగి దిగుడు మొదలయ్యే చోటు మరీ మొనదేలింది. కారు అక్కడికి రాగానే ముందు రెక్క గాడిలోంచి పైకి లేచి, కారు గాల్లోనే ఎటో చూసి, మెక్‌ఫిలమీ పార్కులో బోర్లా పడింది. రెండు కాళ్లు నాలుగేసి మిల్లీమీటర్లు అరగదీసి గుండ్రంగా చేశాక కుదిరింది.

28 సెంటీమీటర్లు చాలవనుకున్నానుగా. బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని కంటిని ట్రాక్ మట్టానికి పెట్టి చూస్తే, అది నిజంగానే కొండ. వాలు ఏ కొలతలోనైనా వాలే. కార్లు నిలబెట్టి చెయ్యి తీస్తే వాటంతటవే కిందికి జారుతున్నాయి.

ఆగస్టు 10, ఆదివారం

కార్లు కొండెక్కడం లేదు.

కింద మౌంటెన్ స్ట్రెయిట్ మీద దూసుకెళ్తాయి, కటింగ్ దగ్గరకొచ్చేసరికి ముసలాళ్లలా ఆయాసపడతాయి, రీడ్ పార్కు దగ్గర ఆగిపోతాయి. బరువు ఎక్కువైందనుకున్నాను. గేర్లు మార్చాలనుకున్నాను. అర్ధరాత్రి దాకా ఇంటర్నెట్‌లో మోటార్లు వెతికాను. నాన్న పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చి, "కరెంటు చూశావా?" అన్నాడు.

చూడలేదు. మల్టీమీటర్ పెడితే పిట్స్ దగ్గర 15 వోల్టులు, స్కైలైన్ దగ్గర 11.2. ట్రాక్ ముక్కలు ఒకదానికొకటి తగిలే ప్రతి అతుకులోనూ కాస్త కాస్త కరెంటు పోతోంది. చదునుగా ఉన్నప్పుడు అతుకులు గట్టిగానే పట్టుకున్నాయి. వాలులో ట్రాక్ వంగేసరికి అతుకుల్లో వెంట్రుకవాసి సందు పడింది. దానికితోడు తుప్పు.

"లూజ్ కాంటాక్టు. లారీకి వెనక లైటు మసగ్గా వెలుగుతోందంటే బల్బు మార్చేవాడు కుర్రాడు, ఎర్త్ గీకేవాడు మేస్త్రీ" అన్నాడు. నేను కుర్రాణ్ణే అని ఒప్పుకున్నాను.

బల్ల కింద చుట్టూ మందపాటి రాగి వైరు ఒక వలయంలా తిప్పాం. దాన్నుంచి ఆరు చోట్ల పైకి కొమ్మలు తీసి పట్టీల అడుగు భాగానికి సోల్డరింగ్ చేశాం. అంటే కరెంటు అతుకుల మీదుగా నడిచి రానక్కర్లేదు, ప్రతి చోటికీ నేరుగా అందుతుంది. సోల్డరింగ్ నాన్నే చేశాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కళ్లు చికిలించి, నేను చేస్తే ముద్దలా నిలిచే సీసాన్ని ఆయన నీటిబొట్టులా పారించాడు. డెబ్బై రెండేళ్ల చెయ్యి వణకలేదు. పట్టీలకు తుప్పు పోయేదాకా సన్న గరుకు కాగితం పట్టింది అమ్మాయి, గంటకు రెండు డాలర్ల కూలీ మాట్లాడుకుని.

ఇప్పుడు స్కైలైన్ దగ్గర 14.3 వోల్టులు. కార్లు కొండెక్కాయి.

ఆగస్టు 23, శనివారం

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది. ఈ ప్రాజెక్టులో అసలు పని ఇదే.

నా దగ్గర రెండు కార్లు. ఒకటి ఫోర్డ్ కార్టీనా. దుకాణంలో దొరికింది లోటస్ రకం. ఆకుపచ్చ చారలు స్పిరిట్‌తో తుడిచి, అమ్మాయి కోరిక మీద పసుపు రంగు కొట్టి, కార్టీనా జీటీ అని పిలుచుకుంటున్నాం. రెండోది ఈహెచ్ హోల్డెన్, హోల్డెన్ అనే ఆస్ట్రేలియా కంపెనీ కారు. రెజిన్ బాడీ తెప్పించి వేరే చాసిస్ మీద కూర్చోబెట్టాను. 1963లో మొదట వచ్చింది ఫర్త్, జేన్‌ల కార్టీనా జీటీ. రెండో స్థానం ఈహెచ్ హోల్డెన్‌ది. హోల్డెన్ వాళ్లు ఆ రేసు కోసమే ఎస్4 అనే రకం వందకు పైగా కట్టి అమ్మారు, పెద్ద పెట్రోలు ట్యాంకుతో. షోరూమ్ కారే కావాలంటే షోరూమ్‌లోనే రేసు కారు పెడితే పోలా అన్న తెలివి! రెండేళ్లకు ఫోర్డ్ అదే తెలివి ఇంకాస్త ముదిరించింది. 1965లో గెలిచిన కార్టీనా జీటీ500కు పెట్రోలు పోసే మూతలు రెండు పక్కలా ఉన్నాయి. కూరగాయలు తెచ్చుకోవడానికి ఎవరికి కావాలి రెండు మూతలు?

ఇంజన్లు చూడండి. కార్టీనా జీటీది 1,498 సీసీ, 78 హార్స్ పవర్. ఈహెచ్‌ది ఆరు సిలిండర్లు, 2,930 సీసీ, 115 హార్స్ పవర్. సగం ఇంజను బండి ముందొచ్చింది. నా ట్రాక్ మీద ఇది జరగాలి. ఊరికే కార్టీనాకు మంచి మోటారు పెట్టి గెలిపిస్తే అది మోసం. అందుకే ఈహెచ్‌కే బలమైన మోటారు పెట్టాను, నిమిషానికి 25,000 తిరుగుళ్లది. కార్టీనాకు 18,000. బరువు కోసం ఈహెచ్ లోపల నాన్న సీసం ముక్కలు అతికించాడు. చక్రాల బ్యాలెన్సింగ్‌కు వాడేవే, ఇక్కడి టైర్ల షాపులో అడిగి పాతవి పట్టుకొచ్చాడు. భాష సరిగా రాకపోయినా ఆ షాపులో అరగంట కూర్చుని వచ్చాడు, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

నడిపితే ఈహెచ్ ప్రతిసారీ గెలుస్తోంది. ఎందుకంటే రెంటికీ బ్రేకులు ఒకటే.

స్లాట్ కారుకు బ్రేకు షూలు ఉండవు. ట్రిగ్గర్ వదిలినప్పుడు కంట్రోలర్ ఆ మోటారు రెండు కొనల్నీ ఒకదానితో ఒకటి కలిపేస్తుంది. తిరుగుతున్న మోటారు ఆ క్షణం నుంచి కరెంటు తినేది కాక కరెంటు పుట్టించేది అవుతుంది. ఆ భారమే దాన్ని ఆపుతుంది. ఈ బ్రేకు కోసం కంట్రోలర్‌లోంచి ట్రాక్‌కు విడిగా ఒక వైరు వస్తుంది. ఇది నాన్నకు బొమ్మ గీసి చెప్పాను. ఆయన వేలితో ఆ వైరు మీద కొట్టి, "దీన్ని నీరసపెట్టు. డ్రమ్ము అవుతుంది" అన్నాడు.

అంతే. అంత సులువు విషయం నాకు తట్టలేదు. ఈహెచ్ లేను బ్రేకు వైరు మధ్యలో 25 ఓముల తిప్పుడు రెసిస్టర్ ఒకటి పెట్టాం. సున్నా మీద ఉంటే బ్రేకు గట్టిగా పడుతుంది, తిప్పేకొద్దీ జారుతుంది. కార్టీనా లేను వైరు ముట్టుకోలేదు. అది డిస్కు.

కానీ డ్రమ్ము మొదటి చుట్టులోనే చేతులెత్తేయదు కదా. దాని గురించి నాన్న చెప్పింది ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నాకు పుస్తకాల్లో ఇంత బాగా ఎక్కడా దొరకలేదు. "షూలు లోపలుంటాయి, డ్రమ్ము పైన గిన్నె మూసినట్టుంటుంది. నొక్కేకొద్దీ గిన్నె వేడెక్కి పెద్దదవుతుంది, షూలకు దూరం జరుగుతుంది. నువ్వు ఇంకా నొక్కుతావు, పెడల్ ఇంకా దిగుతుంది. లైనింగ్ మాడి కంపు కొడుతుంది, మాడిన లైనింగ్ పట్టదు, జారుతుంది. వేడి పోవడానికి దారి లేదు, మూత పెట్టుంది కదా. డిస్కుకు మూత లేదు, గాలికి ఆరిపోతుంది. అందుకే ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగేవాడు కొత్తవాడు. గేరు మీద దిగేవాడు పాతవాడు."

కాబట్టి మా నిబంధన ఇది. ప్రతి పదిహేను చుట్లకూ రెసిస్టర్‌ను ఒక గీత తిప్పాలి. పెట్రోలుకు ఆగినప్పుడు, అంటే పిట్స్‌లో కారు నిలిపి పది అంకెలు లెక్కపెట్టినప్పుడు, రెండు గీతలు వెనక్కి. వేడెక్కడం, చల్లారడం. కార్టీనా కూడా పెట్రోలుకు ఆగాలి గానీ దానికి గీతల బాధ లేదు.

సాయంత్రం ప్రయత్నించాం. మౌంటెన్ స్ట్రెయిట్ మీద ఈహెచ్ కార్టీనాను సులువుగా దాటింది. నాలుగో గీత దగ్గర ఎస్సెస్‌లో ఆగలేక ఫారెస్ట్స్ ఎల్బోలో తిన్నగా వెళ్లి, బల్ల అంచు దాటి, నా పాత బూట్లో పడింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం.

సెప్టెంబరు 7, ఆదివారం

కొండకు వైరు మెష్, దాని మీద ప్లాస్టర్ గుడ్డ. మట్టికి వాడేసిన టీ పొడి ఎండబెట్టి జల్లాం. కొత్తది కొనక్కర్లేదు, మా ఇంట్లో రోజూ దండిగా వస్తుంది. ఎండిన టీ పొడి రంగు బాథర్స్ట్ మట్టిలా లేదు గానీ పల్నాడు చేలలా ఉందని నాన్నకు నచ్చింది. టీ వడపోసే జల్లెడ జిగురులో ముంచామని మా ఆవిడ కోప్పడింది. న్యాయమే. కొత్తది కొన్నాను.

సెప్టెంబరు 21, ఆదివారం

చుట్లు లెక్కపెట్టడానికి పిట్స్ దగ్గర రోడ్డు కింద లైట్ సెన్సర్ రెండు, లెక్క చూసే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి. పని చేస్తోంది. మధ్యాహ్నం కిటికీ ఎండ పడితే మాత్రం లేని కారుకు కూడా చుట్టు వేస్తోంది. పైన అట్టముక్కతో వంతెన కట్టి నీడ పెట్టాను.

అక్టోబరు 5, ఆదివారం

లాంగ్ వీకెండ్. రేసు.

అప్పట్లో కార్లను ఖరీదును బట్టి నాలుగు తరగతులు చేశారు. 900 పౌండ్లలోపు ఒకటి, ఆ పైన వెయ్యి వరకు ఒకటి, 1,200 వరకు ఒకటి, 2,000 వరకు ఒకటి. మొత్తం మీద ఎవరు ముందొచ్చారన్నదానికంటే తన తరగతిలో ఎవరు గెలిచారన్నదే కంపెనీలకు ముఖ్యం. జేబులో ఉన్న డబ్బుకు ఏ కారు కొనాలో చెప్పే రేసు. మాకు రెండు కార్లే కాబట్టి తరగతుల్లేవు.

కార్టీనా అమ్మాయికి. ఈహెచ్ నేను నడుపుదామనుకున్నాను. నాన్న కంట్రోలర్ తీసేసుకున్నాడు. "బ్రేకుల్లేని బండి నాకలవాటే." నేను రెసిస్టర్ తిప్పేవాణ్ణి, పడ్డ కారు తీసి పెట్టేవాణ్ణి. మా ఆవిడ తిథి చూసినట్టు గోడ గడియారం చూసి, చేతిరుమాలు తీసి ఊపింది.

మొదటి పదిహేను చుట్లు నాన్న ముందు. ఎక్కుడులో దూరం పెంచుతాడు, దిగుడులో అమ్మాయి తగ్గిస్తుంది. రెండు గీతలు పడ్డాక తేడా పోయింది. అక్కడ నేను అనుకున్నదొకటి, జరిగింది ఒకటి. ఈహెచ్ వరసగా పడిపోతుందనుకున్నాను. నాన్న ఒక్కసారి కూడా పడలేదు. స్కైలైన్ రాకముందే ట్రిగ్గర్ వదిలేస్తున్నాడు, మెక్‌ఫిలమీ దగ్గరే. కారు తన బరువుకు తాను నెమ్మదిగా కొన దాటి, దిగుడంతా దాదాపు ట్రిగ్గర్ ముట్టుకోకుండా దొర్లి, ఎల్బో దాటాక కాన్‌రాడ్ మీద మళ్లీ నొక్కుతున్నాడు. పడేది అమ్మాయి. బ్రేకులు బాగున్నాయి కదా అని ఆఖరి క్షణం దాకా ఆగి నొక్కడం, డిప్పర్‌లో ఎగరడం. అరవై చుట్లయ్యేసరికి తొమ్మిది సార్లు పడింది. "తాతయ్యా, నువ్వు స్లోగా వెళ్తున్నావు, ఇది చీటింగ్!" అని ఒక గొడవ.

డెబ్బయ్యో చుట్టు తర్వాత దానికి అర్థమైంది. మాట్లాడటం మానేసి, తాత చేతి వేలు చూస్తూ నడిపింది. తాత వదిలిన చోటుకు ఒక జానెడు తర్వాత తను వదలడం మొదలుపెట్టింది. డిస్కుకు ఉన్న లాభం ఆ జానెడే. చుట్టుకు జానెడు, అరవై చుట్లు.

కార్టీనా 130 చుట్లు పూర్తి చేసేసరికి ఈహెచ్ 128లో ఉంది. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. నాన్న ఈహెచ్‌ను తీసి తిరగేసి మోటారు మీద వేలు పెట్టి, చురుక్కుమంటే వెనక్కి తీసుకుని, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

మిగిలిన పనులు: కటింగ్ దగ్గర అతుకు మళ్లీ వదులైంది, 13.1 వోల్టులే చూపిస్తోంది. మర్రేస్ కార్నర్ బయటి వైపు కంచె లేదు. మినీ కూపర్ ఎస్ ఒకటి కొనాలి. 1966లో ఆ బుల్లి కార్లు మొదటి తొమ్మిది స్థానాలూ తీసేసుకున్నాయి, ఇంకో లేను ఉంటే బాగుండు.

రేపూ సెలవే. నాన్న డిస్కు లేను అడిగాడు. అమ్మాయి ఇవ్వనంది.